విత్తనపు పసుపును ఉడకబెట్టుకుందామా?

ఆర్మూరు: మన వైపు ఇప్పుడు పసుపు తవ్వకాల రోజులు. తెల్లవారకముందే కూలీలు చేనులోకి దిగుతున్నారు. కల్లాల దగ్గర కడాయిల పొగ లేస్తున్నది. ఇంత పని ఒత్తిడిలోనూ మొన్న ఆదివారం పొద్దున మండలంలోని ఒక ఊరి బడి ఆవరణలో ముప్పై నలభై మంది తల్లిదండ్రులు పని మానుకొని కూర్చున్నారు. ధర గురించో, కరెంటు గురించో మీటింగు పెట్టి ఉంటారని దారిన పోయేవారు అనుకున్నారు. అసలు సంగతి వేరు. ఆ ఊళ్ళో కొన్నేళ్ళుగా నడుస్తున్న పిల్లల ఫుట్‌బాల్ జట్టును ఈ పరీక్షలు అయిపోగానే మూసివేస్తామని నడిపేవారు చెప్పారు. మూయవద్దని అడగడానికి తల్లిదండ్రులు వచ్చారు.

ఊరి పేరు, నడిపేవారి పేర్లు ఇక్కడ రాయడం లేదు. తప్పు ఏ ఒక్కరిదో అయితే రాయవచ్చును. ఇందులో అందరికీ వాటా ఉన్నది. ఈ విలేకరి కొడుకు కూడా ఆ జట్టులోనే ఆడుతున్నాడు. ఆ సంగతి పాఠకులకు ముందే చెప్పుకోవడం మర్యాద.

ఇది సాయంత్రం పూట కాలక్షేపానికి బంతి తన్నుకునే గుంపు కాదు. పద్నాలుగేళ్ళ లోపు వారిది ఒకటి, పదిహేడేళ్ళ లోపు వారిది ఒకటి, రెండు జట్లున్నాయి. పొద్దున ఐదున్నరకల్లా మైదానంలో ఉండాలి. చెప్పకుండా రెండు రోజులు మానితే మూడో రోజు ఆడనివ్వరు. నిజామాబాద్‌లో, పక్క జిల్లాలలో పోటీలు ఉంటే తీసుకుపోతారు. ఓడిపోయి వచ్చిన రాత్రి అన్నం ముట్టని పిల్లలున్నారు. గెలిచి వచ్చిన నాడు ఊరంతా వినేలా ఆటోలో అరుచుకుంటూ వచ్చిందీ ఆ పిల్లలే.

మూసేవారి మాట

నడిపేవారు చెప్పే కారణాలను తేలికగా కొట్టిపారేయలేము. కోచ్‌గా వచ్చే యువకునికి నెలకు ఇస్తామన్న డబ్బు నాలుగు నెలలుగా సరిగా ఇవ్వలేకపోయారు. అతను పెళ్ళయినవాడు, పెట్రోలు పోసుకొని పొద్దున్నే పక్క ఊరి నుంచి రావాలి. ఎన్నాళ్ళని వస్తాడు? బంతులు, బూట్లు, పోటీల రుసుము, బస్సు కిరాయి, మధ్యాహ్నం భోజనం - అన్నీ ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల జేబుల నుంచే పోతున్నాయి. వాళ్ళూ రైతులే. పసుపుకు ధర పలికిన ఏడు ఇస్తారు. పలకని ఏడు వాళ్ళ అప్పే వాళ్ళకు భారం.

మైదానం సంగతీ అంతే. రోడ్డు పక్క జాగా అంటే ఇవాళ బంగారం. 44, 63 జాతీయ రహదారులు కలిసే పట్టణం మనది. చుట్టుపక్కల ఖాళీ జాగా కనిపిస్తే షట్టర్లు వేయాలనే ఆలోచనే ముందు వస్తుంది. దానికితోడు కొందరు ఉపాధ్యాయులకు పదో తరగతి ఫలితాల భయం. ఆడే పిల్లలు చదవరని ఒక మాట ఊళ్ళో ప్రచారంలో ఉన్నది.

ఈ కష్టాలన్నీ నిజమే. ఆ పెద్దమనుషులు ఇన్నాళ్ళు చేసినదానికి ఊరు వారికి దండం పెట్టాలి. కానీ కష్టంగా ఉన్నది అనడానికీ, మూసివేస్తున్నాము అనడానికీ మధ్య ఇంకొక మాట ఉండాలి. తల్లిదండ్రులను పిలిచి "మీరేమంటారు?" అని అడగాలి. ఆ మాట ఎవరూ అడగలేదు. వాట్సాప్‌లో నాలుగు వరుసల సందేశం వచ్చింది. అంతే.

కన్నవారి మాట

ఆ ఆదివారం మాట్లాడినవారిలో ఎక్కువ మంది తల్లులు. బీడీలు చుట్టుకుంటూ ఇల్లు నడిపే ఒక తల్లి లేచి, "నా కొడుకు ఏదో పెద్ద ఆటగాడు గావాలని నేను అనుకుంటలేను సారూ. పొద్దుగాల లేస్తుండు. ఆడొచ్చి ఇంత తిని బడికి పోతుండు. ఆట బందు పెడితె మల్ల ఫోనుల ముఖం బెట్టి కూసుంటడు. వాళ్ళ బాపు దుబాయిల ఉండె, నా మాట వినడు. కోచ్ సారు మాట వింటడు" అన్నది.

ఇంకొక తల్లి మాట విన్నాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమె బిడ్డకు పద్నాలుగేళ్ళు. ఆ జట్టుతో కలిసి సాధన చేసే నలుగురైదుగురు ఆడపిల్లలలో ఒకతె. "ఆట ఉన్నదంటే ఇంట్ల అందరు ఊకుంటున్నరు. ఆట లేదంటే సంబంధాలు చూస్తరు. మా అత్త ఇప్పటికే అంటున్నది" అని ఆమె చెప్పింది. ఆడపిల్ల ఇంటి నుంచి బయటకు రావడానికి మన పల్లెల్లో కారణం కావాలి. చదువు ఒక కారణం. ఆట ఇంకొక కారణం. రెండు కారణాలున్న పిల్లకు ఒకటి పోతే ఇంకొకటి కూడా బలహీనపడుతుంది.

మొన్ననే గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక తండ్రి వేరే విషయం ఎత్తాడు. "నేను పంపిన పైసలతోని మావోనికి బూట్లు కొన్నరు. ఫోనుల వాడు ఆడింది చూపిస్తే చూసిన. నాకు వాడు పెద్దగవుడు కనబడ్డది ఆటలనే" అన్నాడు. ఊరు విడిచి ఎడారిలో పనిచేసే తండ్రికి కొడుకు ఎదుగుదల కనబడే కిటికీ అది.

రాజధానిలో జరిగినదీ ఇదే

మన ఊరి సంగతి చిన్నదని ఎవరైనా అనుకోవచ్చును. హైదరాబాదులో జరిగినది చూడండి. 2019లో పూణే నగరపు క్లబ్బు మూతబడింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో దాని స్థానం మనకు వచ్చింది. హైదరాబాద్ ఎఫ్.సి. అని పేరు పెట్టారు. మొదటి ఏడు పది జట్లలో ఆఖరి స్థానం. అయినా ఓపిక పట్టారు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద ఆట 1-1తో సమమైతే, పెనాల్టీలలో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపి కప్పు తెచ్చాడు. మరుసటి ఏడు లీగు పట్టికలో రెండో స్థానం. మన పల్లెల్లో కూడా పిల్లలు పసుపు రంగు చొక్కాలు తొడుక్కున్నది అప్పుడే.

ఆ తరువాతి ఏడు ఆటగాళ్ళకు జీతాలు అందని స్థితి వచ్చింది. విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. జట్టు పట్టికలో అట్టడుగుకు పడింది. 2024లో యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అనే కొత్త పేరు పెట్టుకున్నది. పూణే పిల్లల జట్టు పోయినప్పుడు మనం సంబరపడ్డాము. ఆరేళ్ళకు ఆ బాధ మన గుమ్మం ముందుకే వచ్చింది.

పెద్ద క్లబ్బు అంటే టీవీలో కనిపించే పదకొండు మంది మాత్రమే అని పొరబడవద్దు. పెద్ద క్లబ్బుకు లైసెన్సు కావాలంటే పిల్లల జట్లు కూడా నడపాలన్న నిబంధన ఉన్నది. కనుక క్లబ్బు ఊరు విడిచిపోతే కింద ఉన్న పిల్లల మెట్లు కూడా కదిలిపోతాయి. పెద్దలు ఇంకొక జట్టుకు పోయి ఆడుకుంటారు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఢిల్లీకి పోగలడా?

అదే ఏడు డిసెంబరు 13న ప్రపంచ ప్రసిద్ధుడైన మెస్సీ హైదరాబాదు వచ్చాడు. ఉప్పల్ స్టేడియంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా బంతి ఆడారు. జనం చూసి మురిసిపోయారు. సంతోషమే. కానీ అక్టోబరులో జట్టు పోయిన నగరానికే డిసెంబరులో మెస్సీ వచ్చాడన్నది గమనార్హం. ఒక్క పూట పండుగకు దొరికిన ఉత్సాహంలో పదో వంతు రోజూ పొద్దున ఐదున్నరకు మైదానానికి వచ్చే పిల్లల మీద కూడా ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఒక పంతులు చేసిన పని

డబ్బు లేనిదే ఫుట్‌బాల్ లేదని ఇప్పుడు అందరూ అంటున్నారు. మన చరిత్ర అలా చెప్పదు. సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులు. ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1950 నుంచి 1954 దాకా ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా అయిదుసార్లు గెలిచింది. ఆయన తయారుచేసిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడే. మరుసటి ఏడే, 1963లో, రహీం కన్నుమూశారు.

అప్పుడు ఆటగాళ్ళకు కోట్లు లేవు. ఆడుకోవడానికి జాగా ఉండేది. చెప్పడానికి ఒక పంతులు ఉండేవాడు. బాగా ఆడితే పోలీసులోనో, రైల్వేలోనో చిన్న ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకం ఉండేది. ఈ మూడింటిలో మన ఊళ్ళో జాగా ఉన్నది, నేర్పేవాడు ఉన్నాడు. ఉన్న రెండింటిని మనమే పోగొట్టుకోబోతున్నాము.

మన జిల్లా పిల్లలకు చేతకాదని ఎవరూ అనలేరు. బాక్సింగులో 2022లోనూ, 2023లోనూ ప్రపంచ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ నిజామాబాద్ బిడ్డ. 2014 మే 25న పద్నాలుగేళ్ళు కూడా నిండకుండా ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మన జిల్లా పాకాల పల్లెలో పుట్టింది. హాకీలో యెండల సౌందర్య భారత జట్టుకు ఆడింది. ఇక ఫుట్‌బాల్‌లోనే చూస్తే గుగులోత్ సౌమ్య ఉన్నది. 2022లో క్రొయేషియా దేశపు దినామో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడటానికి వెళ్ళింది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఎంపిక చేసింది కూడా ఆమెనే. వీళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రతి ఒక్కరి వెనుక ఎక్కడో ఒక చిన్న మైదానం, పొద్దున్నే తలుపు తట్టే ఒక శిక్షకుడు, మూతబడకుండా నడిచిన ఒక చోటు ఉన్నాయి.

ఆ మైదానంలో ఆడే పాతిక ముప్పై మందిలో ఇంకొక సౌమ్య ఉన్నదా అంటే ఎవరూ చెప్పలేరు. ఉండకపోవచ్చును కూడా. పసుపు వేసే రైతుకు ఈ సంగతి తెలుసు. జూన్‌లో వేసింది తవ్వడానికి తొమ్మిది నెలలు పడుతుంది. మట్టి కింద ఏమున్నదో తవ్వేదాకా తెలియదు. అందుకని మధ్యలో చేను దున్నేయడు. పంట వచ్చాక ఎంత అప్పు ఉన్నా, మరుసటి ఏటికి విత్తనం పక్కన పెట్టుకుంటాడు. విత్తనపు పసుపును కడాయిలో వేసి ఉడకబెట్టి అమ్ముకుంటే ఆ పూటకు నాలుగు పైసలు వస్తాయి. మరుసటి ఏడు చేను బీడు పడుతుంది. పిల్లల జట్టు ఊరికి విత్తనపు పసుపు.

మూయడం తేలిక

మూసినది తెరవడం ఎంత కష్టమో మన జిల్లా వారికి వేరే చెప్పనక్కరలేదు. 1938లో మొదలైన బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీలో 2015 డిసెంబరులో లేఆఫ్ నోటీసు అంటించారు. మూయడానికి ఒక కాగితం చాలింది. తెరిపిస్తామన్న మాట ఆ తరువాత ఎన్ని ఎన్నికల సభల్లో విన్నామో లెక్క లేదు. ఫ్యాక్టరీ అయితే యంత్రాలైనా ఉంటాయి. జట్టు చెదిరితే ఏమీ మిగలదు. రెండేళ్ళు పోతే ఆ పిల్లలకు వయసు దాటిపోతుంది. పదిహేడేళ్ళ లోపు పోటీకి పంతొమ్మిదేళ్ళవాడిని ఎవరు తీసుకుంటారు?

అట్లాగని చేతులు ముడుచుకోవలసిన పని లేదు. ఇంగ్లండులో వింబుల్డన్ క్లబ్బును వేరే పట్టణానికి తరలించుకోవచ్చునని 2002లో పైవారు అనుమతి ఇచ్చారు. అక్కడి అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. చందాలు వేసుకొని అదే ఏడు సొంతంగా కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. ఊరి బయలు మీద ఆటగాళ్ళను ఎంపిక చేసి బాగా కింది స్థాయి లీగు నుంచి మొదలుపెట్టారు. తొమ్మిదేళ్ళకు, 2011లో, దేశపు పెద్ద లీగు వ్యవస్థలోకి తిరిగి ఎక్కారు. అంత దూరం ఎందుకు? పసుపు బోర్డు కావాలని 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డ జిల్లా మనది. బోర్డు 2025 జనవరిలో మొదలైంది. పట్టు పట్టడం మనకు కొత్త కాదు.

ఇట్లా చేసి చూడవచ్చు

జట్టు నిలబడాలంటే కొన్ని పనులు వెంటనే చేయవచ్చును. మొదటిది, జట్టు ఇద్దరు ముగ్గురి దయ మీద నడవకూడదు. తల్లిదండ్రులతో ఒక కమిటీ వేయాలి. అందులో సగం మంది తల్లులు ఉండాలి. వచ్చింది ఎంత, ఖర్చు ఎంత అన్నది ప్రతి నెలా బడి గోడ మీద అంటించాలి. లెక్క కనబడితే ఇచ్చే చేయి వెనుకాడదు.

రెండవది, కోచ్ జీతం. చేతనైనవారు నెలకు ఇంత అని ఇవ్వాలి. చేతకానివారి పిల్లల దగ్గర పైసా అడగరాదు. మిగిలినది గ్రామాభివృద్ధి కమిటీ భరించాలి. మన ఆర్మూరు ప్రాంతంలో ఈ కమిటీలు ఎంత బలమైనవో అందరికీ తెలుసు. గుడి కట్టాలన్నా, బోనాలు చేయాలన్నా ఒక్క కూర్చోవడంలో లక్షలు పోగవుతాయి. ఆ నిధిలో ఏటా ఒక చిన్న వాటా పిల్లల ఆటకు అని తీర్మానం రాసుకుంటే ఊరికి భారం కాదు. గల్ఫ్‌లో ఉన్న ఊరివాళ్ళు కూడా అడిగితే ఇస్తారు. అడగాలి.

మూడవది, మైదానం. నోటి మాట మీద నడిచే మైదానం ఏదో ఒక రోజు పోతుంది. బడి వేళలు కాని సమయంలో వాడుకోవడానికి విద్యాశాఖ నుంచి రాతపూర్వకమైన అనుమతి తెచ్చుకోవాలి. జాగా హద్దులు కొలిపించి పెట్టుకోవాలి.

నాలుగవది, పిల్లల కాగితాలు. ప్రతి పిల్లవాడి జనన ధ్రువీకరణ పత్రం, ఆడిన పోటీల సర్టిఫికెట్లు, ఫెడరేషన్ ఆన్‌లైన్ నమోదు వివరాలు తల్లిదండ్రుల దగ్గర ఉండాలి. జట్టు నడిచినా, ఆగినా పిల్లవాడు ఇంకొక చోట ఆడటానికి అడ్డు రాకూడదు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు చేసుకునే నాడు వాడికి పనికొచ్చేవి ఆ కాగితాలే.

అయిదవది, పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు రెండు నెలలు సాధన సగం చేయాలి. ఉపాధ్యాయులతో మాట్లాడి ఆ వేళలు కుదుర్చుకోవాలి. ఆట చదువుకు శత్రువు కాదని చూపించవలసిన బాధ్యత కూడా మనదే.

ఇవన్నీ చేసినా నడవలేదనుకోండి. అప్పుడైనా ఒక ఏడు ముందుగా చెప్పాలి. విత్తనం వేసే ముందు చెబితే రైతు ఇంకొక పంట చూసుకుంటాడు. చేను నిలబడ్డాక నీళ్ళు బందు పెడితే ఏం చేస్తాడు?

మన వంతు

చివరిగా కన్నవారితో ఒక మాట. ఆ ఆదివారం సభలో నడిపేవారిలో ఒక పెద్దమనిషి లేచి, "అన్నా, ఇయ్యాల ఇంత మంది వచ్చిండ్రు. ఇన్నేండ్లల్ల ఆట చూసెతందుకు ఎంతమంది వచ్చిండ్రు? ఒక్కనాడన్న బంతికి పైసలు ఉన్నయా అని అడిగిండ్రా?" అన్నాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈ విలేకరి దగ్గర కూడా లేదు. కొడుకు ఆట చూడటానికి మైదానానికి పోయింది ఒక్కసారే. అదీ వార్త రాయడానికి. ఫోటో తీసుకొని, స్కోరు రాసుకొని, ఆట ముగియకముందే బస్సెక్కి వచ్చాము. ఆ రోజు వాడు గోలు కొట్టాడని మరునాడు వేరేవాళ్ళు చెబితే తెలిసింది.

మూసేవారిని తప్పు పట్టే ముందు మనం మైదానం గట్టు మీద ఎన్ని పొద్దులు నిలబడ్డామో లెక్క చూసుకోవాలి. మూయవద్దని అడిగే హక్కు కన్నవారికి ఉన్నది. మోసే బాధ్యత కూడా ఉన్నది. ఆ సభ చివర పదిహేను మంది తల్లిదండ్రులు నెలనెలా ఇంత ఇస్తామని కాగితం మీద పేర్లు రాశారు. మొదటి పేరు బీడీలు చుట్టే ఆ తల్లిది. నడిపేవారు నిర్ణయాన్ని పరీక్షల దాకా ఆపుతామని చెప్పారు. అది గెలుపు కాదు, గడువు మాత్రమే.

ఈ గడువులోగా గ్రామాభివృద్ధి కమిటీ పెద్దలు, బడి ప్రధానోపాధ్యాయులు, మండల అధికారులు ఒక్కసారి కూర్చోవాలని తల్లిదండ్రులు కోరుతున్నారు. కూర్చోవడానికి ముందు ఒక రోజు పొద్దున ఐదున్నరకు మైదానానికి రమ్మని ఈ విలేకరి విజ్ఞప్తి. పిల్లలు అప్పటికే వచ్చి ఉంటారు.